నా ఫోనులోని మనిషికి రాసిన మాత్ర

కరెంటు బోర్డు మీద తడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. మోటార్లు బాగుచేసేవాడు ఇంతకంటే పెద్ద ఒట్టు వేయలేడు. గార్లదిన్నెలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారని తెలుసు. వాళ్ల దగ్గర నాకంత మంచి పేరు లేదు. మా ఊరి బోరులో తెగిపడిన మోటారు ఒకటి భూమి అడుగు నీళ్లలో కొట్టుకుపోయి, పామిడి దగ్గర ఇంకెవరి బోరులోంచో బయటికొచ్చిందని ఒకసారి చెప్పాను. విన్న నలుగురిలో ఇద్దరు నమ్మారు. ఒకాయన ఆ పామిడి రైతు ఫోను నంబరు కూడా అడిగాడు. అది వేరు, ఇది వేరు. ఇది నా ఒంటి సంగతి.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. కాలిపోయిన మోటారును రైతు బండి మీద వేసుకొస్తాడు. లోపల మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగను గాడి గాడికీ లెక్కపెట్టి దూర్చి, బిగించి, పరీక్షించి పంపాలి. పనంతా చేతులకూ కళ్లకూ. కాళ్లకేమీ లేదు. పొద్దున స్టూలు మీద కూర్చుంటే లేచేది మధ్యాహ్నం అన్నానికే. మోటారు ఇచ్చిన రైతు ఇంటికి పోడు. చేలో పైరు ఎండుతుంటే ఇంట్లో ఏం కూర్చుంటాడు? నా ఎదురుగా బల్ల మీదే కూర్చుంటాడు. అట్లా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ పనిచేయడం కష్టం. ఆయన దిగులు కాసేపు మరిపించడానికే నేను కతలు చెప్పడం మొదలుపెట్టాను. పోను పోను మోటారు కాలనివాళ్లు కూడా వచ్చి కూర్చోసాగారు. వచ్చేవాళ్లెవరూ ఉత్త చేతులతో రారు. తువ్వాలు కొంగున చెనిక్కాయలు, అంటే వేరుశనగకాయలు, కాగితం ముక్కలో బెల్లం. కత నడుస్తుంటే చేతులు ఒలుస్తూ ఉంటాయి.

కొన్నాళ్ల కిందట ఒక మధ్యాహ్నం చుట్లు లెక్కపెడుతుండగా తీగ మీద చీమ పాకింది. చేత్తో తుడిచాను. పోలేదు. ఇంకో తీగ తీసుకున్నాను. దాని మీదా అదే చీమ. గోడ వైపు చూస్తే గోడ మీద, ఎదురుగా ఉన్న రైతును చూస్తే ఆయన మీసం మీద. అనంతపురంలో కంటి డాక్టరు నా కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. చీమ తీగ మీద లేదు, నీ కంటి వెనక ఉంది, అది రక్తపు చుక్క అన్నాడు. అని, షుగరు డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చాడు.

మా నాయన చివరి సంవత్సరాల్లో పళ్లెంలో సంగటి ముద్ద ఎక్కడుందో వేళ్లతో తడుముకుని తినేవాడు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. షుగరుందేమో చూపిద్దామని ఎవరికీ తోచలేదు. ఆయన వేళ్లు పళ్లెం అంచు వెంట తిరగడం ఆ చీటీ పట్టుకుని మెట్లు దిగుతుంటే కనబడింది.

షుగరు డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చింది. నా రిపోర్టులు చూసి మెత్తగానే చెప్పింది.

"మూడు నెలలు చూద్దామండీ. మూడు నెలల సగటు షుగరు దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. అది పెద్ద విషయం కాదు. కానీ కంట్లో ఇంకో రెండు చోట్ల రక్తం కారిందంటే మాత్రం, మీ తీగపని గురించి నేను మాట ఇవ్వలేను."

నా ఫోను తీసుకుని తనే అందులో ఒక యాప్ ఎక్కించింది. తిన్నదల్లా అందులో వేయాలట. నడిచిన అడుగులు అదే లెక్కపెట్టుకుంటుందట. పదిహేను రోజులకోసారి తను అది చూసి, రక్తపరీక్ష చూసి, రెండూ కలిపి మందు సరిచేస్తుందట.

మొదటి రోజు ఫోను నన్ను అడిగింది: ఈ పూట ఏం తిన్నారు? తిన్నది ఉగ్గాని, బజ్జీలు. బొరుగులు తడిపి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు నాలుగు పెట్టుకుంటే మా వైపు అదే పొద్దుటి టిఫిను. యాప్‌లో వెతికితే ఉగ్గాని లేదు. బొరుగులున్నాయి. గాలి తప్ప ఏమీ లేని తిండి కాబట్టి ఫోను చాలా సంతోషించింది. బజ్జీ కూడా కనబడలేదు. పచ్చిమిరపకాయ కనబడింది. బజ్జీ లోపల ఉండేది అదే కదా అని 'పచ్చిమిరపకాయలు, నాలుగు' అని వేశాను. మధ్యాహ్నం రాగిసంగటి. అది యాప్‌లో బొమ్మతో సహా ఉంది. బొమ్మలోని ముద్ద పెద్ద నిమ్మకాయంత. మా ఆవిడ తెడ్డుతో తిప్పి పెట్టే ముద్ద పసిబిడ్డ తలకాయంత. ఎన్ని తిన్నారు అని అడిగింది. ఒకటి అని వేశాను. అబద్ధం కాదు. ముద్ద ఒకటే.

తెర మీద ఆకుపచ్చ ఆకు ఒకటి విచ్చుకుంది. చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి అని వచ్చింది.

మీకు ఒక మాట చెప్పాలి. కతలు చెప్పేవాడికి వినేవాళ్లతో ఎప్పుడూ ఒక పేచీ ఉంటుంది. బల్ల మీది రైతులు వింటారు, నవ్వుతారు, కానీ నడుమ 'అట్లెట్ల అయితాది' అని అడ్డుపడతారు. ఇంట్లో ఆవిడ అసలు వినదు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక, ఏం చెప్పినా ఎదురు అడగకుండా నమ్మి, పైగా మెచ్చుకునే శ్రోత నాకు దొరికింది. ఇట్లాంటి శ్రోత దొరికితే ఎవడైనా ఊరుకుంటాడా?

తిండి సంగతి సులువుగానే నడిచింది. అడుగుల దగ్గర చిక్కొచ్చింది. దాన్ని మాటలతో నమ్మించలేం. ఫోను కదిలితేనే లెక్క. మొదటి వారం రోజుకు ఎనిమిది వందలు దాటలేదు. అందులో సగం ఫోను ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి మా ఆవిడ నడిచినవి. 'ఇంకొంచెం కదులుదామా?' అని అది అడుగుతుంటే సిగ్గుగా ఉండేది.

నాకొక బావ ఉన్నాడు, వరసకు. జీవాలు మేపుతాడు. పొద్దున్నే తన మందను నా దుకాణం ముందు నుంచే గుట్ట వైపు తోలుకుపోతాడు. మందకు ముందు నడిచేది ఒక మేకపోతు. దాని మెడకు ఫోను గుడ్డలో చుట్టి కట్టాను. దుకాణానికి వేరే బటన్ల ఫోను ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

"ఏంది బావా ఇది? మేకపోతుకు ఫోనేంటికి? ఎవురితో మాటాడాల అది?" అన్నాడు.

"మాటాడేదానికి కాదు, నడిచేదానికి. ఊరికే తిప్పుకోని రాప్పా."

"నడిచేదానికైతే నా తావ ముప్పై జీవాలుండాయి. నూటిరవై కాళ్లు. ఎన్ని కావల్ల నీకు?"

సాయంత్రానికి ఇరవై ఆరు వేల అడుగులు. ఫోనులో తారాజువ్వలు పేలాయి. ఈ రోజు మీరు చాలా ఎత్తు ఎక్కారు అని కూడా రాసింది. నాలుగు కాళ్ల మీద వచ్చినవి కాబట్టి న్యాయంగా సగమే నావని మనసులో తగ్గించుకున్నాను. ఆ మాత్రం నీతి ఉంది నాకు.

"ఫోను మేక కంపు కొడతాంది ఏందయ్యా?" అంది మా ఆవిడ.

"చార్జింగు ఎక్కువైతే అట్లే వస్తాది వాసన."

"అట్లనా," అంది. పెళ్లయి ఇన్నేళ్లయింది. ఆ 'అట్లనా'కు అర్థం నాకు తెలుసు, కానీ ఆ రోజు పట్టించుకోలేదు.

పదిహేను రోజులకు పోయాను. షుగరు దిగలేదు. డాక్టరమ్మ యాప్ చూసింది, రిపోర్టు చూసింది, మళ్లీ యాప్ చూసింది. మాత్ర మోతాదు పెంచింది. ఇంకో పదిహేను రోజులకు మళ్లీ పోయాను. దిగలేదు. ఈసారి ఆమె నా వైపు జాలిగా చూసింది.

"మీరు చేయాల్సిందంతా చేస్తున్నారండీ. ఇంత తక్కువ తిని, ఇంత నడిచేవాళ్లు నా దగ్గర ఇద్దరు ముగ్గురు కూడా లేరు. తప్పు మీది కాదు. మందు చాలడం లేదు." అని మాత్ర మళ్లీ పెంచింది.

అంతటితో ఊరుకోలేదు. లోపలికి వచ్చిన తర్వాతి రోగిని, పామిడి నుంచి వచ్చిన పెద్దాయన్ని, అక్కడే కూర్చోబెట్టి నా ఫోను చూపించింది. "చూడండి, ఈయన కూడా మీలాగే పనిచేసుకునే మనిషి. ఈయన చేయగలిగినప్పుడు మీరెందుకు చేయలేరు?" అంది.

బయట వరండాలో ఆ పెద్దాయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. కాలి బొటనవేలికి కట్టు ఉంది.

"ఎట్ల చేస్తాండావప్పా? నాకు సంగటి తగ్గించేకి అయితాండ్ల్యా. ఆకలేస్తే కళ్లు చీకట్లు కమ్ముతాయి. నీకు ఆకలి కాదా?"

వేరే రోజైతే ఆయనకు గొప్ప కత చెప్పేవాణ్ణి. నోటి దాకా వచ్చింది కూడా. ఆయన నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఇంటికి పోయి నేను చెప్పినట్టు చేద్దామనే అడిగాడు. నేను, "అలవాటైతాది పెద్దాయనా," అన్నాను. బస్సులో కూర్చున్నాక కూడా ఆ కట్టు కట్టిన వేలే కళ్ల ముందుంది.

నా పనిలో అబద్ధం చెల్లదు. గాడికి ఎన్ని చుట్లు పడాలో అన్నే పడాలి. ఇద్దరు మాట్లాడించినా, కత మంచి ఘట్టంలో ఉన్నా, నా పెదవులు లోపల లోపల లెక్కపెడుతూనే ఉంటాయి. నాలుగు చుట్లు తగ్గించి కూడా 'సరిపోయింది' అని చెప్పి పంపొచ్చు. ఎవరూ విప్పి చూడరు. ఆ మోటారు భూమిలోకి అంత లోతు దిగి, వారం తిరగకముందే మాడి పైకొస్తుంది. దానితో పాటు ఒక మనిషి పంట పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క చుట్టు తప్పు చెప్పలేదు. మరి నా ఒంటి లెక్క ఎందుకు ఇట్లా రాశాను? ఆలోచిస్తే, దాన్ని లెక్క అనుకోలేదు నేను. కత అనుకున్నాను. అవతల దాన్ని నమ్మి ఒక మనిషి మాత్ర రాస్తోందని తెలిసి కూడా అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ మెప్పుకు తగ్గట్టు ఉండాలని నిర్ణయించుకున్నాను. ఫోనులో ఉన్న మనిషిలాగే బతికి చూద్దామని. పొద్దున్నే కొత్త మోతాదు మాత్ర వేసుకున్నాను. దుకాణం తీయలేదు. నిమ్మకాయంత సంగటి పెట్టమన్నాను.

"ఈపొద్దు ఏమన్నా ఒక్కపొద్దా?" అంది మా ఆవిడ.

"డాక్టరమ్మ చెప్పినాది."

"చెప్పి నెల అయిందే," అంది. పెట్టింది. తిన్నాను. ఫోను నా జేబులోనే పెట్టుకుని గుట్ట దారి పట్టాను.

వాన రాక విత్తనం పడని చేలు దారికి రెండు వైపులా. దున్ని వదిలేసిన ఎర్రమన్ను. గాలి వేడిగా లేదు, ముఖానికి దుమ్ము కొడుతోంది. నాకు సంతోషంగా ఉంది. మూడు వేలు, నాలుగు వేలు. ఎవరి కాళ్లూ కావు, నా కాళ్లే. గుట్ట కిందికి చేరేసరికి చేతులు సన్నగా వణకడం మొదలైంది. అలసటలే అనుకున్నాను. వెనక్కి తిరిగాను. పెదవులు తిమ్మిరెక్కాయి. ఎప్పుడూ లేని ఆకలి వేసింది, కడుపులో కాదు, ఒళ్లంతా. దారి ఎటు పోతోందో తెలుసు, కానీ కాళ్లు దారి పక్కకు పోతున్నాయి. చెమట వీపు మీదుగా కారుతోంది. ఒక గట్టు మీద కూర్చున్నాను. కూర్చోవడానికి ఏం చేయాలో కూడా ఒక్క క్షణం గుర్తురాలేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. ఈ రోజు లక్ష్యం పూర్తయింది, అభినందనలు అని ఉంది. తారాజువ్వలు రెండేసి కనబడ్డాయి.

ఆ రోజు నేను ఫోనులో వేసినవన్నీ నిజాలు. అంతకు ముందు అంత నిజమైన రోజు అందులో ఒక్కటీ లేదు.

జీవాల మెడ గంటలు వినబడ్డాయి. మా బావ.

"ఏం బావా, నీ పని నువ్వే చేసుకుంటాండావే. మేకపోతును మాన్పించినావా?"

"ఒళ్లు తిరుగుతాంది," అన్నాను. మాట నాలుక కింద ముద్ద కట్టింది.

"ఇది యా కత? కొత్తదా?" అని నవ్వాడు. ఇంకో రెండడుగులు వేశాడు కూడా. వెనక్కి తిరిగి చూసినప్పుడు నా చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుని ఉండటం చూశాడు. అప్పుడు పరుగెత్తి వచ్చాడు. తన సద్దిమూట విప్పి బెల్లం ముక్క నా దవడలోకి తోశాడు. నమలమన్నాడు. నమలడం ఎట్లాగో నాకు గుర్తురాకపోతే గడ్డం పట్టుకుని తనే కదిపాడు. కొంచెం సేపటికి ఎర్రమన్ను మళ్లీ ఎర్రమన్నులాగా కనబడింది.

"మా యమ్మకూ ఇంతే," అన్నాడు, నా పక్కన కూర్చుని. "మాత్ర మింగుతాది, బువ్వ తినదు. ఒకపొద్దు బాయి కాడ పడిపోయింటే తెచ్చుకున్యాం. నువ్వు శానా తింటావని నీకు భయంల్యా అనుకున్యా."

రోడ్డు దాకా నడిపించి ఆటో ఎక్కించాడు. ఎక్కించే ముందు మా ఆవిడకు ఫోను చేసి జరిగింది చెప్పాడు. మేకపోతు సంగతి కూడా చెప్పాడు.

మా ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. అన్నం పెట్టింది. తినడం అయ్యాక ఫోను తీసుకుని ఎదురుగా కూర్చుంది. మొదటి రోజు నుంచి చదవడం మొదలుపెట్టింది.

"పచ్చిమిరపకాయలు నాలుగు. ఎవురు తిన్నారయ్యా ఉత్త మిరపకాయలు?"

తెరను వేలితో కిందికి జరిపింది.

"సంగటి ఒకటి. సంగటి ఒకటి. సంగటి ఒకటి. ఆ పొద్దు దాంట్లో ఇంగొక ముద్ద వేయించుకుంటివే, అది యాడ?" ఇంకా కిందికి పోయింది. "ఇరవై ఆరు వేలు. ఆ పొద్దు నువ్వు స్టూలు దిగనేల్యా. నేనే రెండుసార్లు టీ తెచ్చిచ్చినా."

"అది బావ చెప్పినాడు కదే."

"చెప్పినాడు. నీ నోట ఇనాలని చదువుతాండా."

తర్వాత లేచి దుకాణంలోకి పోయింది. దుకాణం మా ఇంటి ముందు గదే. చేట పట్టుకుని వచ్చింది. చేట నిండా చెనిక్కాయల పొట్టు.

"ఇది మొన్నటిది. దినామూ చేటెడు ఊడుస్తాండా నేను. ఇది యాడ రాసినావు?"

ఇక్కడ నేను నిజంగానే బిత్తరపోయాను. మిగతావన్నీ నాకు తెలిసి చేసినవి. ఇది తెలియదు.

"అది తిన్నేది కాదే. ఊరికే నోట్లో వేసుకున్నేది."

"నోట్లో వేసుకున్నేది యాడికి పోతాదయ్యా? చెవుల్లోకా?"

చదివేవాళ్లకు ఇది సాకులాగా కనబడొచ్చు. మా వైపు తిండి అంటే పళ్లెం ముందు కూర్చుని తిన్నది. పనిచేస్తూ, మాట్లాడుతూ నోట్లో వేసుకున్నది తిండి కిందికి రాదు. విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లు వసారాలో కూర్చుని ఒక్కొక్కరు దోసెడు గింజలు నములుతారు. తిన్నావా అని అడిగితే ఇంకా లేదంటారు. అది అబద్ధం కాదు. ఎవరూ అట్లా అనుకోరు. నేను కూడా స్టూలు మీద కూర్చున్నంతసేపూ గింజలు, గింజల మధ్య బెల్లం ముక్క, నోట్లో వేసుకుంటూనే ఉన్నాను. డాక్టరమ్మ అడిగినా, ఫోను అడిగినా, దేవుడే దిగి వచ్చి అడిగినా, అది చెప్పాలని నాకు తోచేది కాదు.

ఆ చేట చూస్తూ కూర్చుంటే ఒక్కొక్కటే తెలిసొచ్చింది. నా షుగరు దిగకపోవడానికి సగం కారణం ఆ పొట్టులో ఉంది. దిగలేదని డాక్టరమ్మ మాత్ర పెంచుతూ పోయింది. పెంచిన మాత్ర నన్ను పడగొట్టకుండా ఇన్నాళ్లూ అడ్డుపడింది కూడా ఆ గింజలూ బెల్లమే. దుకాణం మూసి, వాటికి దూరంగా, నిమ్మకాయంత సంగటి తిని నడిచిన మొదటి రోజున మాత్రకు అడ్డు లేకపోయింది. డాక్టరమ్మ మందు రాసింది ఫోనులో ఉన్న మనిషికి. మింగింది నేను. ఆయనకు కళ్లు లేవు కాబట్టి పోయేవి కూడా లేవు. పోతే నావి.

ఇద్దరం మర్నాడే అనంతపురం పోయాం. డాక్టరమ్మ గదిలో నేనే మొదలుపెట్టాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మిరపకాయల దగ్గర నుంచి మేకపోతు దాకా, చేటెడు పొట్టు దాకా, ఒకటీ దాచకుండా వరసగా చెప్పాను. పామిడి పెద్దాయనకు కూడా నిజం చెప్పమని కోరాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఈ నెలరోజులూ నేను మందు రాసింది ఎవరికండీ?" అంది.

కోపంగా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. రాసిన చీటీ చించేసి, మాత్ర బాగా తగ్గించి కొత్తది రాసింది. పడిపోతున్నట్టు అనిపిస్తే ఏం నోట్లో వేసుకోవాలో మా ఆవిడకు చెప్పింది. చివరకు అంది: "నాకు తక్కువ తినే పేషెంటు అక్కర్లేదండీ. ఎంత తిన్నాడో చెప్పే పేషెంటు కావాలి."

మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాం. ముద్దను ఫోను బొమ్మతో పోల్చి ఎన్ని నిమ్మకాయలంత ఉందో చూసి వేశాం. నాలుగున్నర. చెనిక్కాయలకు ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టింది ఆవిడ. పొద్దున దాంట్లో పోసినవే ఆ రోజుకు. బెల్లం లేదు. రైతులు తెచ్చినవి రైతులే తినాలి. యాప్‌లో ఆకుపచ్చ ఆకు కనబడటం మానేసింది. రోజూ ఎర్రగీతే. ఎర్రగీత చూసి మనసుకు కష్టంగా ఉండేది. ఇన్నాళ్లు నన్ను నమ్మినది ఇప్పుడు నన్ను చూసి ముఖం తిప్పుకున్నట్టు. సాయంత్రం రైలుస్టేషను దాకా నడిచి రావడం మొదలుపెట్టాను. ఒక్కడినే పోతే దారిలో ఎవరితోనో నిలబడిపోతానని మా ఆవిడ కూడా వచ్చేది. తనకు నా కంటే రెండు వందల అడుగులు ఎక్కువ పడేవి. కాళ్లు పొట్టివి కదా అంటే, మేకపోతుకు బదులు నన్నే పెట్టుకోని ఉంటే పోయేది అనేది.

అలవాటు కానిది చేతులకే. గింజలు లేకుండా కత చెప్పడం చాలా కష్టం. ఒలుస్తున్న చేతులు ఆగిన చోట మనిషి ఊపిరి పీలుస్తాడు, వినేవాడు ముందుకు వంగుతాడు, ఆ సందులోనే తర్వాతి అబద్ధం తయారవుతుంది. ఇప్పుడు ఆ సందు లేదు. నా కతలు పొట్టివైపోయాయి. బల్ల మీదివాళ్లు కూడా గమనించారు. "ఏమప్పా, ఈ మధ్య నువ్వు చెప్పేవి నిజాల మాదిరి ఉండాయి," అన్నాడొకాయన, నొచ్చుకున్నట్టుగా.

మూడు నెలల పరీక్ష వచ్చింది. దిగింది. ఆమె అనుకున్నంత దిగలేదు. ఇన్సులిన్ మాట ఇంకో మూడు నెలల తర్వాత చూద్దామంది. కంటి డాక్టరు మళ్లీ దీపం వేసి చూసి, కొత్త చుక్కలేమీ లేవన్నాడు. పాత చీమ ఉంది. పలచబడింది. తెల్లగోడను చూస్తే ఇప్పటికీ నడుస్తుంది. తీగ మీద మాత్రం కనబడటం లేదు. చుట్లు తప్పడం లేదు.

ఇక ప్రమాణం సంగతి. తడిచెయ్యి కరెంటు బోర్డు మీద పెట్టినవాడికి ఎక్కడో ఒకచోట షాకు కొట్టాలి కదా. ఇందులో ఒకచోట కల్పించాను. మీరు మేకపోతు అనుకుని ఉంటారు. మేకపోతు నిజం. బావను అడగండి.

కల్పించింది డాక్టరమ్మ గదిలో జరిగింది. నిలబడి వరసగా అన్నీ చెప్పానని రాశాను. చెప్పలేదు. ఆమె ఎట్లా పడిపోయారని అడిగింది. నేను ఎండ గురించి మొదలుపెట్టాను. ఆ రోజు ఎండకు గుట్ట మీద బండలు పగిలిన శబ్దం గార్లదిన్నె దాకా వినబడిందని చెప్పాను. ఆమె రాసుకుంటోంది. నేను చెప్పే ఎండను కాగితం మీద రాసుకుంటోంది. అప్పుడు మా ఆవిడ కొంగు సరిచేసుకుని, "అమ్మా, అది కాదు," అని మొదలుపెట్టి, నాలుగే నాలుగు మాటల్లో అంతా చెప్పింది. పామిడి పెద్దాయన మాట నేను ఆమెకు చెప్పనే లేదు. ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఆ రోజు నా ఫోను చూపించి ఏం మాత్ర రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. వరండాలో కూర్చున్నప్పుడల్లా ఆయన కోసం చూస్తాను.

మా ఆవిడ చెప్పడం అయ్యాక డాక్టరమ్మ పెన్ను ఆపి నా వైపు చూసింది. "నిజమేనా అండీ?" అంది.

నేను తల ఊపాను. ఆ గదిలో నేను చెప్పిన నిజమంతా అంతే.